ఒంట్లో ఉప్పునీరు, ఎముకలో ఉక్కు

మా పెద్దమ్మది భీమిలి. సముద్రం ఆ ఇంటికి ఎంత దగ్గరంటే, గాలి ఇటు మళ్లిన రోజున అరుగు మీద ఎండబెట్టిన అప్పడాలు సాయంత్రానికి మెత్తబడిపోతాయి. ఆ ఇంటి ఇనుప గేటు నాకు గుర్తుండగానే మూడుసార్లు మారింది. ఏటా రెడాక్సైడ్ పూస్తారు, దాని మీద పెయింటు వేస్తారు. అయినా కింది పట్టీ దగ్గర మొదలై పెచ్చులు పెచ్చులుగా రాలుతూనే ఉంటుంది. కిందటేడు ఆవిడ పెరట్లో కాలుజారి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. విశాఖలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇంటికి పంపించే రోజున సర్జన్ గారు ఎక్స్‌రే చూపించి, ఎలా నడవాలో, ఎప్పుడు రావాలో చెప్పి, ఇంకేమైనా అడగాలా అన్నారు.

"ఒక్కటే బాబూ. ఉప్పుగాలి తగిలితేనే మా గేటు నాలుగేళ్లుండదు. ఈ రాడ్డు నా ఒంట్లోనే నానుతుంది కదా! చెమట ఉప్పన, కన్నీళ్లు ఉప్పన. మరి ఇది తుప్పు పట్టదా?"

"అది వేరే స్టీలమ్మా, పట్టదు" అన్నారాయన నవ్వుతూ. వెనక క్యూ చాలా ఉంది.

పెద్దమ్మకి ఆ జవాబు ఆనలేదు. ఏటా జాడీలకు జాడీలు ఆవకాయ పెట్టిన చెయ్యి అది. ఉప్పూ పులుపూ కలిసినచోట ఏ పాత్ర నిలుస్తుందో, ఏది నిలవదో ఆవిడకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఇత్తడి గిన్నెలో చారు కాచాలంటే లోపల కళాయి పూయించాలి. లేకపోతే కిలుము దిగుతుంది. రాళ్లుప్పు స్టీలు డబ్బాలో పోసి మరిచిపోతే అడుగున చుక్కలు చుక్కలుగా మచ్చలు పడతాయి. అందుకే ఊరగాయకు పింగాణీ జాడీ. వంటింటి స్టీలుకే ఉప్పు పడనప్పుడు, తొడలో పెట్టిన స్టీలులో 'వేరే' ఏముంది?

గోరువెచ్చని సముద్రం

ఆవిడ అనుమానం న్యాయమైనదే. మన ఒంట్లోని ద్రవంలో లీటరుకు సుమారు 9 గ్రాముల ఉప్పుంటుంది. ఆస్పత్రిలో ఎక్కించే సెలైన్‌లోనూ అదే పాళ్లు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాములు. అంటే మనలో ఉన్నది పావు వంతు ఉప్పదనం గల సముద్రమన్నమాట. ఉప్పు తక్కువే గాని, లోహాన్ని వేధించే విషయంలో ఇది అసలు సముద్రానికి తీసిపోదు. ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటుంది. వెచ్చదనం పెరిగేకొద్దీ తుప్పు చురుకవుతుంది. ఇందులో ఆక్సిజన్ కరిగి ఉంటుంది. విడివడిన లోహాన్ని పట్టుకుని మోసుకుపోయే ప్రొటీన్లూ ఉంటాయి. ఆపరేషన్ జరిగిన కొత్తలో, గాయం మానే రోజుల్లో, ఆ చోటు కాస్త పులుపు వైపు జరుగుతుంది. తెల్లరక్త కణాలు వచ్చిన వస్తువును పరాయిదిగా భావించి దానిమీదికి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన పదార్థాలు చిమ్ముతాయి. పుండ్లు కడగడానికి వాడే, బుసబుస నురుగు కట్టే మందు అదే.

ఇదంతా కదలకుండా ఉన్నప్పటి సంగతి. నడిచే మనిషిలో తుంటి కీలు మీద ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్ల భారం పడుతుంది. ఓ మాదిరిగా తిరిగే మనిషి ఒక్కో కాలూ ఏడాదికి సుమారు పది లక్షల సార్లు నేలకు ఆనుతుంది. గేటును ఎవరూ అన్నిసార్లు తెరవరు.

గేటుతో ఇంకో తేడా కూడా ఉంది. దానినుంచి రాలిన పెచ్చు నేలమీద పడుతుంది, చీపురుతో ఊడ్చేస్తాం. రాడ్డునుంచి రాలిందేదైనా మనలోనే ఉండిపోతుంది. కాబట్టి రాడ్డు విరక్కుండా ఉంటే చాలదు. అందులోంచి నికెల్, కోబాల్ట్, క్రోమియం లాంటివి రక్తంలోకి దిగకూడదు కూడా.

పుట్టింటికి పోయే లోహం

తుప్పంటే లోహం పుట్టింటికి వెళ్లిపోవడమే. గనిలో ఇనుము ఇనుములా దొరకదు. ఆక్సిజన్‌తో కలిసి ఎర్రటి ఖనిజంలా దొరుకుతుంది. కొలిమిలో బొగ్గుతో మండించి ఆ జంటను బలవంతాన విడదీస్తాం. సందు దొరికితే చాలు, ఇనుము మళ్లీ ఆక్సిజన్ దగ్గరికే పోతుంది.

పోయే తీరు ఇదీ. ఇనుప అణువు తన ఎలక్ట్రాన్లు రెంటిని లోహంలోనే వదిలేసి నీటిలోకి దిగిపోతుంది. వదిలేసిన ఎలక్ట్రాన్లు లోహం గుండా ఇంకోచోటికి నడిచి, అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌కు అందుతాయి. ఇచ్చే చోటు ఒకటి, పుచ్చుకునే చోటు ఒకటి, రెంటికీ మధ్య తడి. టార్చిలైటు సెల్లులో జరిగేదీ ఇదే. గేటు మీది ప్రతి మచ్చా కంటికి కనిపించని ఓ సెల్లు. మంచినీటిలో ఈ వ్యవహారం నత్తనడకన సాగుతుంది. ఉప్పు కలిస్తే నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కనుక జోరందుకుంటుంది. భీమిలిలో గేట్లు అమ్మేవారి అదృష్టం అదే.

ఇనుప తుప్పుకు ఇంకో అవగుణం ఉంది. అది పుట్టిన ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఉన్నచోట పట్టక ఉబ్బి, పగిలి, పెచ్చులూడుతుంది. కింద కొత్త ఇనుము బయటపడుతుంది. మళ్లీ మొదలు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఏ లోహానికి ఆక్సిజన్ మీద ఎంత మోజో వరసగా రాసుకుంటే, బంగారం అట్టడుగున ఉంటుంది. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు. ఇనుము నడుమన ఎక్కడో ఉంటుంది. క్రోమియం, టైటానియం, అల్యూమినియం ఇనుముకన్నా చాలా పైన ఉంటాయి. ఈ లెక్కన టైటానియం రాడ్డు మా పెద్దమ్మ గేటుకన్నా ముందే బూడిదైపోవాలి. ఒంట్లో దశాబ్దాల పాటు చెక్కుచెదరకుండా ఉంటున్నది మాత్రం ఆ అత్యాశపోతు లోహాలే.

మీగడ కట్టే లోహాలు

వాటిని కాపాడుతున్నది ఆ అత్యాశే. టైటానియం కడ్డీని కోసి చూడండి. కొత్తగా బయటపడిన ముఖం మీద, మనం రెప్ప వేసేలోపే, పలచటి ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. కాచిన పాల మీద మీగడలాగ. ఇనుప తుప్పులా ఇది ఉబ్బదు, పగలదు. కింది లోహానికి గట్టిగా అతుక్కుని, సందు లేకుండా మూసేస్తుంది. ఇక అవతలి ఆక్సిజన్ ఇవతలి లోహాన్ని చేరలేదు. వ్యవహారం అక్కడితో సరి. గీత పడితే? మీగడ తీసేస్తే పాలమీద మళ్లీ కట్టినట్టే, చిరిగినచోట మళ్లీ కట్టుకుంటుంది. అందుకు కావలసిన ఆక్సిజన్ ఒంట్లోని తడిలోనే ఉంది.

ఈ పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే. నాలుగు నానోమీటర్లనుకుంటే, ఇలాంటివి ఇరవై వేలు దొంతర పేరిస్తే ఓ వెంట్రుక మందం అవుతుంది. మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్న మనిషి మెట్లెక్కుతున్నాడంటే ఆ పొర పుణ్యమే.

కనుక టైటానియానికి తుప్పు పట్టదనడం సరికాదు. పట్టాల్సిన తుప్పంతా పుట్టిన క్షణంలోనే పట్టేసి ఊరుకుంది. ఇకనుంచి మనం చూడబోయే ప్రతి మిశ్రమలోహం కథా ఒక్కటే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ మీగడ ఎక్కడ చిరుగుతుంది, చిరిగినచోట ఎందుకు తిరిగి కట్టదు?

> ఆమ్లం మంచి చేసిన వేళ
>
> 1836లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో క్రిస్టియన్ షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్తను ఓ వింత పట్టుకుంది. పలచటి నైట్రిక్ ఆమ్లంలో ఇనుము బుసబుస కరిగిపోతుంది. అదే ఆమ్లం బాగా చిక్కగా ఉంటే ఇనుముకు ఏమీ కాదు! అలా చిక్కటి ఆమ్లంలో మునిగి లేచిన ఇనుమును తర్వాత పలచటి దానిలో వేసినా కరగదు. ఈ సంగతి ఆయన లండన్‌లోని మైకేల్ ఫారడేకు ఉత్తరం రాశారు. కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏదో ఏర్పడి ఉంటుందని ఫారడే ఊహించారు. ఊహ నిజమే.
>
> ఇప్పటికీ ఎముకల్లో వేసే స్టీలు ప్లేట్లను, స్క్రూలను ఫ్యాక్టరీ దాటించే ముందు నైట్రిక్ ఆమ్లంలో ముంచుతారు. కోసేటప్పుడు, మరలు తీసేటప్పుడు పనిముట్ల నుంచి అంటుకున్న ఇనుప రజను కరిగిపోతుంది. కింద క్రోమియం పొర నిండుగా కట్టుకుంటుంది. లోహాన్ని తినే ఆమ్లంతోనే లోహానికి కవచం తొడిగించడమన్నమాట.

స్టీలు నేర్చుకున్న పాఠాలు

ఉప్పునీటిలో ఇనుముకు సొంతంగా ఇలాంటి మీగడ కట్టే నేర్పు లేదు కాబట్టి అరువు తెచ్చుకోవాలి. కరిగిన ఇనుములో పదకొండు, పన్నెండు శాతం క్రోమియం కలిపితే, పైన కట్టే పొర ఇనుముది కాక క్రోమియందవుతుంది. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలకు తగిన లోహం కోసం వెతుకుతూ ఇలాంటి ఉక్కును పోతపోశారు. అది మన వంటింట్లోకి వచ్చింది. ఆపరేషన్ గదిలోకి మాత్రం అంత తొందరగా రాలేదు.

అప్పటికే విరిగిన ఎముకలకు ప్లేట్లు వేస్తున్నారు. లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ మామూలు ఉక్కు ప్లేట్లు వాడితే, అమెరికాలో 1912లో షెర్మన్ వనేడియం కలిపిన ఉక్కుతో చేయించారు. మనిషి ఒంటి కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన తొలి మిశ్రమలోహం అదేనంటారు. బలానికి లోటు లేదు, ఉప్పునీటికి మాత్రం నిలవలేదు. 1926 ప్రాంతంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఉక్కు వచ్చింది. మంచి రకం వంటపాత్రల అడుగున '18/8' అని కనిపించేది దీని వారసత్వమే. అదీ చాలలేదు. ఉప్పులోని క్లోరైడుకు ఒక దుర్గుణం ఉంది. అది పొర మొత్తాన్నీ పల్చబరచదు. ఏదో ఒక బలహీనమైన చుక్క చూసుకుని సూదిలా దిగుతుంది. ఉప్పు డబ్బా అడుగున పెద్దమ్మ చూసిన మచ్చలు ఇవే. దీనికి విరుగుడుగా రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపారు. క్లోరైడు తవ్వే గుంట లోతు కాకముందే పూడుకునేందుకు అది సాయం చేస్తుంది.

ఇంకా ఓ దొంగ మిగిలాడు. కార్బన్. ఉక్కుకు గట్టిదనమిచ్చేది అదే గాని, క్రోమియం కనిపిస్తే వదలదు. లోహాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే పొలాల్లా రేణువులు, వాటి మధ్య గట్లు కనిపిస్తాయి. వేడి తగిలినప్పుడు కార్బన్ ఆ గట్ల మీద చేరి చుట్టుపక్కల క్రోమియాన్ని తనతో కట్టేసుకుంటుంది. పొలం నడుమ పంట బాగానే ఉంటుంది, గట్ల వెంట కరువు. ఒంట్లోని ఉప్పునీరు సరిగ్గా ఆ గట్లు పట్టుకునే లోపలికి పోతుంది. 1950లలో కార్బన్‌ను 0.08 శాతం నుంచి 0.03 శాతానికి తగ్గించారు. అదే ఇప్పుడు మన ఆస్పత్రుల్లో వాడే '316 ఎల్'. ఆ 'ఎల్' తక్కువ కార్బన్‌కు గుర్తు.

సర్జన్ గారన్న 'వేరే స్టీలు' వెనక ఇంత ఉంది. ఈ ఉక్కు అయస్కాంతానికి అంటుకోకపోవడం కూడా అందులో కలిపిన నికెల్ చలవే.

స్క్రూ తల కింద ఊరగాయ

316 ఎల్ కూడా ఓడిపోయే చోటు ఒకటుంది. పాత ప్లేట్లను బయటికి తీసినప్పుడు, పైకంతా అద్దంలా మెరుస్తూ, స్క్రూ తల ప్లేటుకు ఆనినచోట మాత్రం గుండ్రంగా కొరికేసినట్టు ఉంటుంది. మొత్తం లోహం, మొత్తం ద్రవం ఒక్కటే అయినప్పుడు అక్కడే ఎందుకు? నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే.

స్క్రూ తలకూ ప్లేటుకూ మధ్య వెంట్రుక పట్టనంత సందు ఉంటుంది. అందులోకి ద్రవం దిగుతుందే గాని, దిగింది కదలదు. అందులో ఉన్న కాస్త ఆక్సిజన్‌ను పొర తన మరమ్మతులకు వాడేసుకుంటుంది. బయటినుంచి కొత్త ఆక్సిజన్ అందదు. ఇప్పుడు పని రెండుగా చీలుతుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న బయటి భాగం ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటూనే ఉంటుంది, ఇవ్వాల్సిన బాధ్యత సందులోని లోహం మీద పడుతుంది. అంటే అక్కడి లోహపు అణువులు ఒక్కొక్కటే నీటిలోకి దిగుతుంటాయి. అవి ధనావేశం గలవి. వాటిని సమతూకం చేయడానికి బయటినుంచి ఋణావేశపు క్లోరైడు లోపలికి వలస వస్తుంది. దిగిన లోహం నీటిని విడగొట్టడంతో ఆ చుక్క ద్రవం ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం, క్లోరైడు రెండూ పెరిగితే పొర ఇంకా కరుగుతుంది. పొర కరిగితే ఇంకా లోహం దిగుతుంది. మూతబిగించిన గిన్నెలో పిండి పులిసినట్టు, ఒకటి ఇంకోదాన్ని ఎగదోస్తుంది.

చూడండి విడ్డూరం: ఒంట్లో ఉప్పు పెరగలేదు, పులుపూ పెరగలేదు. స్క్రూ తల కింద మాత్రం ఆ లోహం తన ఊరగాయ తానే ఊరబెట్టుకుంది. దీనికితోడు నడిచిన ప్రతిసారీ స్క్రూ, ప్లేటు ఒకదానికొకటి కాస్త రాసుకుంటాయి. ఆ రాపిడికి పొర చిరుగుతుంది. చిరిగినచోట కట్టుకుందామంటే ఆక్సిజన్ ఉండదు.

టైటానియం దగ్గర ఈ ఆట సాగదు. ఒంటి వేడిలో, ఒంటి ఉప్పుదనంలో దాని పొరను క్లోరైడు ఛేదించలేదు. అందుకే విరిగిన ఎముక అతుక్కునేదాకా కాపు కాసే పనికి స్టీలు సరిపోతుంది. జన్మంతా ఉండాల్సిన వాటికి టైటానియం, కోబాల్ట్ రకాల వైపు చూస్తారు. ధరలో తేడా ఉంది మరి. మన ప్రభుత్వాస్పత్రుల్లో స్టీలు ఇప్పటికీ మొనగాడే, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

కలవకూడని లోహాలు

పంటిలో సిమెంటు బదులు వెండిరంగు పూడిక వేయించుకున్నవారు పొరపాటున చాక్లెట్ మీది అల్యూమినియం కాగితాన్ని కొరికితే జివ్వున షాక్ కొడుతుంది. రెండు వేరు వేరు లోహాలు, మధ్య ఉమ్మి. నోట్లోనే సెల్లు తయారైపోయింది. తొందరగా ఇచ్చే లోహం ఇంకా వేగంగా కరుగుతుంది, రెండోది సుఖంగా ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బెల్జియం సర్జన్ అల్బాన్ లాంబోట్ ఈ దెబ్బ తిన్నారు. కాలి ఎముకకు మెగ్నీషియం ప్లేటు పెట్టి, బంగారు పూత ఉక్కు మేకులతో బిగించారు. ఇచ్చేవాళ్లలో మొదటి వరసలో ఉండే మెగ్నీషియాన్ని, అస్సలు ఇవ్వని బంగారం పక్కన కూర్చోబెట్టారన్నమాట. ఎనిమిది రోజుల్లో ప్లేటు విచ్చిపోయింది, చర్మం కింద గాలి ఉబ్బింది. ఆ గాలి మెగ్నీషియం కరిగేటప్పుడు పుట్టిన హైడ్రోజన్.

1930లలో అమెరికా టెక్సస్‌కు చెందిన సర్జన్లు వెనబుల్, స్టక్ దీన్ని పద్ధతిగా పరీక్షించారు. కుక్కల ఎముకల్లో రకరకాల లోహాల స్క్రూలు వేసి చూశారు. వేరు వేరు లోహాలు కలిసినచోట ఎముక తినేసి ఉంది. దంతవైద్యులు అప్పటికే కట్టుడుపళ్లకు వాడుతున్న వైటాలియం అనే కోబాల్ట్, క్రోమియం మిశ్రమం ఒక్కటీ చెక్కుచెదరలేదు. స్టీలు ప్లేటుకు స్టీలు స్క్రూలే, టైటానియానికి టైటానియమే అని ఇవాళ సర్జన్లు పట్టుబట్టేది అందుకే.

రాపిడి తెచ్చిన ముప్పు

ఆ కోబాల్ట్, క్రోమియం మిశ్రమమే తర్వాత తుంటి కీళ్లకు, మోకీళ్లకు ముద్దుబిడ్డయింది. క్రోమియం 27 నుంచి 30 శాతం దాకా ఉంటుంది కాబట్టి పొర దృఢంగా కడుతుంది. అరుగుదలకూ ఓర్చుకుంటుంది. ఒకే లోహంతో గిన్నె, దానిలో తిరిగే గుండు, రెండూ చేస్తే జీవితాంతం అరగవు కదా అన్నారు. ప్లాస్టిక్ గిన్నెలు అరిగిపోతున్నాయన్న చిరాకు ఆ ఆలోచనకు మూలం.

పొర సంగతి మరిచిపోయారు. లోహం లోహంతో రాసుకున్నప్పుడల్లా రెంటి మీదా మీగడ చిరుగుతుంది, మళ్లీ కడుతుంది, మళ్లీ చిరుగుతుంది. కట్టిన ప్రతిసారీ కొంచెం లోహం ఖర్చు. ఏడాదికి పది లక్షల సార్లు. రాలే రజను కంటికి కనిపించనంత సన్నం కనుక దాని మొత్తం ఉపరితలం ఎక్కువ, అందులోంచి కోబాల్ట్ తేలిగ్గా దిగుతుంది. కొందరిలో కీలు చుట్టూ కండ చచ్చిపోయింది, రక్తంలో కోబాల్ట్ పెరిగింది. డీప్యూ సంస్థ తన 'ఏఎస్ఆర్' తుంటి కీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికే సుమారు 93,000 మందికి అమర్చి ఉన్నారు. బ్రిటన్ రికార్డుల్లో చూస్తే, వేసిన అయిదేళ్లలో సుమారు 12, 13 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మన దేశంలోనూ వేలమందికి వేశారు. బాధితుల పరిహారం కోసం కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది.

కోబాల్ట్ మనకు బొత్తిగా పరాయిదేమీ కాదు. బి12 విటమిన్ నడిబొడ్డున ఉన్నది కోబాల్ట్ అణువే. మోతాదు మించితేనే ముప్పు. 1960ల మధ్యలో కెనడాలోని క్యుబెక్‌లో నురుగు నిలవాలని బీరులో కోబాల్ట్ లవణం కలిపారు. విపరీతంగా తాగేవాళ్ల గుండెలు చెడి కొందరు చనిపోయారు. కీళ్ల కథ మొదలైనప్పుడు ఆ పాత అనుభవం వైద్యులకు అక్కరకొచ్చింది.

ఇప్పుడు గుండు లోహందో పింగాణీదో అయితే గిన్నె ఎక్కువగా గట్టిపరచిన ప్లాస్టిక్‌ది. పింగాణీ అంటే మళ్లీ ఆవకాయ జాడీ తెలివితేటలే అనుకోవాలి. అది ముందే పూర్తిగా ఆక్సైడయిన పదార్థం, ఇక కొత్తగా పోగొట్టుకునేదేమీ లేదు.

గేటు కింది ఇసుకలో

1950ల మొదట్లో స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రేనెమార్క్ కుందేళ్ల కాలి ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడాలనుకున్నారు. అందుకు చిన్న టైటానియం గొట్టంలో గాజు బిగించి ఎముకలో అమర్చారు. ప్రయోగమయ్యాక ఖరీదైన ఆ గొట్టాలను తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. ఆయన 1965లో మొదటిసారి ఓ మనిషి దవడలో టైటానియం స్క్రూలు దిగేసి వాటి మీద పళ్లు కట్టారు. ఇవాళ 'పన్ను ఇంప్లాంటు' అంటున్నది దాని సంతానమే.

ఇక్కడ ఒక మాట. ఎముక ఎన్నడూ టైటానియాన్ని తాకలేదు. తాకింది దాని మీది ఆక్సైడ్‌ను. రాయిలాంటి ఆ పొర మీద ఎముక కణాలు నిర్భయంగా ఇల్లు కట్టుకున్నాయి. పొర మందాన్ని విద్యుత్తుతో పెంచవచ్చు కూడా. ఆపరేషన్ బల్ల మీద ట్రేలో బంగారు రంగు, నీలం, ఊదా స్క్రూలు కనిపిస్తే అది పెయింటనుకోకండి. రంగంటూ ఏదీ లేదు. పొర మందాన్ని బట్టి, తిరిగొచ్చే వెలుగులు కలిసి కనిపించే రంగులవి, వానలో రోడ్డు మీది ఆయిల్ మరకలో మెరిసేవాటిలాగ. సైజును రంగుతో గుర్తుపట్టడానికి అలా చేస్తారు.

టైటానియానికీ లోపాలున్నాయి. రాపిడికి తట్టుకోదు, కీలు గుండుకు పనికిరాదు. తేలికదనం, స్టీలులో సగమే బిరుసు ఉండటం మాత్రం ఎముకకు మేలు. మరీ బిరుసైన లోహం బరువంతా తానే మోసేస్తే, పని లేని ఎముక పల్చబడుతుంది.

ఇది పెద్దమ్మకు చెప్పాల్సిన సంగతి: భీమిలి నుంచి శ్రీకాకుళం తీరం దాకా అలలు వెనక్కి పోయినప్పుడు చారలు చారలుగా కనిపించే నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఉంది. ఆ రేణువులో ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసి ఉంటాయి. గేటులో నాలుగేళ్లు నిలవని ఇనుమూ, ఒంట్లో నలభై ఏళ్లయినా నిలిచే టైటానియమూ ఒకే రేణువులో తోబుట్టువుల్లా ఉన్నాయి. అందులోంచి టైటానియాన్ని వేరు చేయడమే మహా కష్టం. ఆక్సిజన్ మీద దాని మోజు అంతటిది మరి. క్లోరిన్‌తో కలిపి ద్రవం చేసి, గాలి సోకని పాత్రలో మెగ్నీషియంతో ఆ క్లోరిన్‌ను లాగేస్తే స్పాంజిలాంటి లోహం మిగులుతుంది. హైదరాబాద్‌లోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ అభివృద్ధి చేసిన పరిజ్ఞానంతో కేరళలోని చవరలో 2011లో ఈ స్పాంజి ఫ్యాక్టరీ మొదలైంది. టైటానియం మిశ్రమలోహాలు చేసే మిధాని కూడా హైదరాబాద్‌దే. ఇదే నగరంలో 1990లలో అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు సోమరాజు కలిసి చవకైన స్టెంటు తెచ్చారు. కలాం-రాజు స్టెంటుగా దానికి పేరు.

స్టెంట్లలో మరో వింత లోహం నిటినాల్. సగానికి సగం నికెల్, సగం టైటానియం. నలిపినా వెచ్చదనం తగలగానే పాత ఆకారానికి వచ్చేస్తుంది. అంత నికెల్ ఉన్నా దానిపై పొర ఎక్కువగా టైటానియందే. అయితే తయారీలో వేడిచేసినప్పుడు ఏర్పడే నల్లటి మురికి పొరను అలాగే వదిలితే నికెల్ కారుతుంది. దాన్ని ఒలిచి, విద్యుత్తుతో నునుపు చేస్తేనే మంచి మీగడ కడుతుంది.

> ప్లేటు తీయించాలా?
>
> ఎముక అతుక్కున్నాక అందరూ అడిగే ప్రశ్న. పెద్దవాళ్లలో ఇబ్బంది లేకపోతే సాధారణంగా అలాగే వదిలేస్తారు. తీయడం కూడా ఆపరేషనే కదా. పెరిగే పిల్లల్లో తరచు తీస్తారు, ఎముక దాన్ని కప్పేస్తుంది గనుక. గిల్టు దుద్దులు పెట్టుకుంటే చెవులు దురదపెట్టేవాళ్లు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పాలి. ఆ దురదకు తరచు కారణం నికెలే. వేసింది ఏ లోహమో రాసిన కార్డు లేదా స్టిక్కరు ఇస్తారు. అది రేషన్ కార్డంత జాగ్రత్తగా దాచుకోండి. ఎంఆర్ఐ తీయించుకునే ముందు అక్కడివారికి తప్పక చెప్పండి.

కావాలని తుప్పు పట్టించడం

ఇప్పుడు కథ అడ్డం తిరుగుతోంది. ఎముక అతుక్కోవడానికి కావలసింది కొన్ని వారాలు, నెలలే అయినప్పుడు స్క్రూ జన్మంతా ఎందుకుండాలి? పని కాగానే తుప్పు పట్టి మాయమైతే రెండో ఆపరేషన్ తప్పుతుంది. ఆ పనికి లాంబోట్ వదిలేసిన మెగ్నీషియాన్నే మళ్లీ ఎత్తుకున్నారు. మన ఒంట్లో ఎటూ 25 గ్రాముల దాకా మెగ్నీషియం ఉంటుంది, చాలామటుకు ఎముకల్లోనే. కరిగింది కరిగినట్టు శరీరం సర్దుకోగలదు.

ఇబ్బందల్లా వేగమే. తొందరగా కరిగితే ఎముక అతకకముందే పట్టు సడలుతుంది, హైడ్రోజన్ బుడగలు లోపల చేరతాయి. అందుకే ఇందులో ఇనుము, నికెల్ లాంటి మలినాలను లేశమాత్రంగా కూడా ఉండనివ్వరు. లాంబోట్ ప్లేటుకు బంగారు మేకు చేసిన పనే, ఆ మలినపు రేణువులు లోపల చేస్తాయి. అరుదైన మృత్తికా లోహాలు కొద్దిగా కలిపి కరగడాన్ని నెమ్మది చేస్తారు. ఇలాంటి స్క్రూకు 2013లో ఐరోపాలో అనుమతి వచ్చింది. పాదపు బొటనవేలు వంకర సరిచేయడం వంటి చిన్న ఎముకల పనులకు వాడుతున్నారు. తొడ ఎముక మోసే బరువు దానికింకా చాలా ఎక్కువ.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. కర్ర పక్కన పెట్టేసింది, నడక బాగానే సాగుతోంది. అంతా విని, గేటు వైపు ఓసారి చూసి అంది:

"అయితే తుప్పు పట్టేవి కూడా డబ్బిచ్చి కొంటారన్నమాట. మీ పెదనాన్న చేయించిన గేటు ఆళ్లకి చూపించాల్సింది."